ఉప్పుచెలమ బ్యాండుకు ఏ గ్రేడు వచ్చిన వైనం

మా ఉప్పుచెలమలో కొత్తగా పుట్టిన బ్యాండు మేళానికి బుకింగులు తెచ్చే పని నా మీద పడింది. నాకు సంగీతం తెలుసని కాదు. దూరం నుంచి చూస్తే క్లారినెట్టుకూ సన్నాయికీ తేడా నేను ఇప్పటికీ చెప్పలేను. నాకు అర్జీ రాయడం వచ్చు. బీఏ చదివి, రెండెకరాల్లో పొగాకు వేసుకుంటున్నవాణ్ణి. ఊళ్లో ఎవరికి కరెంటు స్తంభం కావాలన్నా, ఎవరి పాసుపుస్తకంలో తండ్రి పేరు సరిచేయాలన్నా కాయితం నేనే రాస్తాను. అందుకని మేళం పెట్టాలనుకున్న రోజే వాయించేవాళ్లు ముగ్గురు వచ్చి మా అరుగు మీద కూర్చున్నారు.

"వాయించేది మేం చూసుకుంటాంలే శింగరయ్యా. వాయించమని పిలిచేవాణ్ణి నువ్వు చూడు," అన్నాడు మీరావలి మామ.

మీరావలి మామది క్లారినెట్టు. ముప్పై ఏళ్లు ఎవరెవరి మేళాల్లోనో రెండో వరసలో నిలబడి వాయించి, ఇక చాలని వచ్చేశాడు. ఏసుపాదానిది పెద్ద డ్రమ్ము. మనిషి బక్కపలచన, డ్రమ్ము తగిలించుకుంటే డ్రమ్ముకే కాళ్లొచ్చినట్టు ఉంటాడు. ఆశీర్వాదానిది ట్రంపెట్టు. అతను మాట్లాడడు, ఊపిరంతా ట్రంపెట్టుకే దాచుకుంటాడు. మిగతా నలుగురూ ఈ ముగ్గురి చుట్టాలు. మేళానికి 'న్యూ ఉదయతార' అని పేరు పెట్టారు. పాత ఉదయతార ఎక్కడుందని అడిగాను. న్యూ అని లేకపోతే జనం నమ్మరన్నారు.

తొందరంతా ఏసుపాదానిది. మే పద్దెనిమిదిన అతని పెళ్లి. పిల్ల తాళ్లమిట్ట పట్టణంలో కొత్తపేట అమ్మాయి, పేరు సువార్త. పొగాకు గ్రేడింగు షెడ్డులో ఆకు వేరుచేసే పని. ప్రధానం రోజు ఏసుపాదం ఊరుకోకుండా, నాకు సొంత మేళం ఉంది, పెళ్లికి ఆ మేళంతోనే వస్తానన్నాడు. అప్పటికి మేళం లేదు.

సువార్త అందరిముందే అడిగింది.

"మీ మేళం పెద్దబజారులో మోగిద్దా?"

"ఎందుకు మోగదు?"

"మా అక్క పెళ్లికి మోగలా. చర్చి కాడ నుంచి వస్తా ఉంటే, షావుకార్ల మేడలుండే పెద్దబజారు మలుపులో ఆపించారు. పెద్దోళ్లు పొడుకోనుండారు, దాటిందాకా మేళం ఆపండన్నారు. పగలు పదకొండు గంటలకి. మా అక్క ఆ బజారంతా తలొంచుకోని నడిచింది. నేను నడవను. మోగిస్తానంటేనే పెళ్లి. మోగించలేనంటే ఇప్పుడే చెప్పు, ఎవురి కాఫీ వాళ్లు తాగి ఎవురింటికి వాళ్లం పోదాం."

ఏసుపాదం కాఫీ గ్లాసు కింద పెట్టి, మోగిస్తానన్నాడు. ఆ మాట మీద మేళం పుట్టింది.

ముందుగా తాళ్లమిట్టలో ఫంక్షన్ హాలు నడిపే మాలకొండయ్య దగ్గరికి పోయాను. పట్టణంలో పెళ్లిళ్లన్నీ ఆయన హాల్లోనే అవుతాయి. నా మాట సాంతం వినకుండానే ఆయన చెయ్యి చాపాడు.

"గ్రేడు కాయితం."

"ఏం గ్రేడు?"

"మీ ఊరికి కబురు రాలేదా? తాళ్లమిట్ట ఇప్పుడు శబ్ద సంస్కార పట్టణం. చప్పుడు తగ్గించిన పట్టణాలకి రాష్ట్రమంతా పోటీ పెట్టారు, దాంట్లో దిగుండాం. గ్రేడు లేని మేళం ఎవుడన్నా ఊదితే నా హాలుకి తాళం. పో, మునిసిపాలిటీ మేడమీదికి పో."

మునిసిపాలిటీ మేడమీద 'వాద్య క్రమబద్ధీకరణ విభాగం' అని కొత్త బోర్డు ఉంది. రంగు ఇంకా ఆరలేదు. లోపల విభాగాధికారి చక్రధరరావుగారు. ఆయన మాట్లాడుతుంటే టైపు మిషను చప్పుడు లేకుండా కొడుతున్నట్టు ఉంటుంది. దరఖాస్తు తిప్పి చూసి, ఏడో గడి మీద వేలు పెట్టారు.

"ఈ గడి ఖాళీగా ఉన్నది. గతంలో పట్టణ పరిధిలో ఇచ్చిన ప్రదర్శనలు, కనీసం మూడు."

"కొత్త మేళం సార్. మీరు గ్రేడిస్తే ప్రదర్శనలిస్తాం."

"ప్రదర్శనలిచ్చిన పిమ్మట గ్రేడు పరిశీలించబడును."

"గ్రేడు లేకపోతే వాయించనివ్వరు గదా?"

"వాయించనివ్వము. ఆ విషయమున విభాగము చాలా కఠినముగా ఉన్నది," అన్నారాయన తృప్తిగా.

"మరి మొదటి మేళానికి గ్రేడెట్టా వచ్చింది సార్?"

"ఇంతవరకు ఏ మేళానికీ రాలేదు. ఆ కారణము చేతనే గత మూడు నెలలుగా పట్టణమున శబ్ద పరిమాణము తగ్గినది. గ్రాఫు చూడండి."

గోడ మీద గ్రాఫు ఉంది. గీత కిందికి దిగుతూ ఉంది. పెళ్లిళ్ల వాళ్లంతా మేళం లేకుండానే పెళ్లిళ్లు చేసుకుంటున్నారని నాకప్పుడు అర్థమయింది.

ఇక్కడ ఇంకెవరైనా అయితే నమస్కారం పెట్టి బస్సెక్కేవాళ్లు. నేను అర్జీలు రాసే మనిషిని. నిబంధనావళి నకలు ఒకటి అడిగి తీసుకుని, బస్టాండులో కూర్చుని అక్షరం విడవకుండా చదివాను. ఆ తర్వాత జరిగిన దానికంతటికీ కారణం ఆ చదువే.

రెండో నిబంధన ఇట్లా ఉంది: 'ప్రదర్శన అనగా, ఏకరూప దుస్తులు ధరించిన వాద్యగాండ్రు, తమ తమ వాద్యములను చేపట్టి, ప్రజల సమక్షమున, నాయకుని సంజ్ఞ ననుసరించి, పదిహేను నిమిషములకు తక్కువ గాకుండ వాద్య కదలికలు జరుపుట.' ఐదో నిబంధన: 'గ్రేడు లేని మేళము పట్టణ పరిధిలో శబ్దము చేయరాదు.'

రెండోదాంట్లో శబ్దం అన్న మాటే లేదు. రాయడం మరిచిపోయారో, శబ్దం మీద ఉన్న పగకొద్దీ ఆ మాటను దగ్గరికి రానివ్వలేదో తెలియదు. ఎట్లా చూసినా, చప్పుడు చేయకుండా మేళం ఆడిస్తే అది ప్రదర్శన అవుతుంది, నేరం కాదు. మూడు ప్రదర్శనలైతే గ్రేడు. గ్రేడు వస్తే పెద్దబజారు. నా తెలివి మీద నాకే ముద్దొచ్చింది. పావుగంటలో అర్జీ రాసి మళ్లీ మేడెక్కాను.

చక్రధరరావుగారు దాన్ని మూడుసార్లు చదివారు. కళ్లజోడు తీసి, తుడిచి, పెట్టుకుని నాలుగోసారి చదివారు. లేచి నిలబడ్డారు.

"మిస్టర్ శింగరయ్యా, చాలామంది నిబంధనలను చదువుతారు. మీరు దర్శించారు."

"అనుమతి ఇస్తారా సార్?"

"అనుమతియా? వచ్చే సోమవారము మా శబ్ద సంస్కార వారోత్సవము. ప్రారంభ ప్రదర్శన మీదే. ఆహ్వాన పత్రికలో వేయించుచున్నాను."

ఊరికి వచ్చి చెబితే మీరావలి మామ క్లారినెట్టు తుడవడం ఆపాడు.

"ఊదకుండా ఊదమంటావు."

"మూడే మూడుసార్లు మామా. తర్వాత నువ్వు తాళ్లమిట్ట పైకప్పులు లేపేసినా అడిగేవాడు లేడు."

"పెళ్లి కోసరం మామా," అన్నాడు ఏసుపాదం. "ఈ ఒక్క గండం దాటించు."

మామ ఒక షరతు పెట్టాడు. ఊరికే వేళ్లాడించనన్నాడు. కల్యాణి రాగమంటే కల్యాణే, ఒక్క వేలు తప్పినా ఒప్పుకోనన్నాడు. వారం రోజులు మా పొగాకు కాల్చే బ్యారన్ కొట్టం వెనక రిహార్సల్సు జరిగాయి. మామ బుగ్గలు పూరించి, గాలి వదలకుండా వేళ్లు పరిగెత్తించేవాడు. ఏసుపాదం పుల్లలు సర్రున దించి చర్మానికి అంగుళం పైన ఆపేవాడు. మూడో రోజు మామ ఉన్నట్టుండి ఆపి ఆశీర్వాదం మీద విరుచుకుపడ్డాడు.

"చరణంలో తప్పు పట్టావు!"

"చప్పుడే లేదు గదా మామా," అన్నాడు ఆశీర్వాదం. ఆ నెలలో అతను మాట్లాడిన మొదటి మాట అది.

"నాకు వినపడింది!"

సోమవారం మునిసిపల్ హాల్లో రెండు వందల మంది జనం. ఎర్ర కోట్లు, బంగారు జలతారు, తెల్ల బూట్లు. మామ తల ఊపాడు, మేళం మొదలైంది. మొదలైనట్టు మాకు మాత్రమే తెలుసు. జనం ముందుకు వంగారు. ఒకాయన చెవిలో వేలు పెట్టి తిప్పుకుని మళ్లీ విన్నాడు. ఐదో నిమిషానికి ముందు వరసలో కమిషనరుగారు కళ్లు మూసుకుని తొడ మీద తాళం వేయడం మొదలుపెట్టారు. ఆయన వేస్తే మిగతావాళ్లు వేయకుండా ఉంటారా? హాలు హాలంతా తొడల మీద తాళం. మామ ఎక్కడికో పోయి ఉన్నాడు, నుదుటి మీద చెమటలు కారుతున్నాయి. పదిహేను నిమిషాలకు ఆగాడు. ఆగాడని కమిషనరుగారు కళ్లు తెరిచేదాకా ఎవరికీ తెలియలేదు.

చప్పట్లు మోగబోయాయి. చక్రధరరావుగారు పరుగున వేదికెక్కి రెండు చేతులూ అడ్డంగా ఊపారు. చప్పట్లు కూడా శబ్దమే. అందరూ జేబురుమాళ్లు తీసి ఊపారు. ఆ పద్ధతి ఊరికి అక్కడ పట్టింది.

చివరి వరసలో చెవులు వినపడని ముసలాయన ఒకడు, లోకనాథం అని రిటైరైన టీచరు, నా చెయ్యి పట్టుకుని, "ఇరవై ఏళ్లుగా నేను విన్న మేళాలన్నీ ఇట్లాగే ఉన్నాయి బాబూ. మీ మేళంలో కొత్త ఏముందని ఇంతమంది వచ్చారు?" అని అడిగాడు. ఆ రోజు నన్ను నిలదీసిన విమర్శకుడు ఆయనొక్కడే.

రెండో ప్రదర్శన పశువుల ఆసుపత్రి వార్షికోత్సవంలో, మూడోది ఒక ఆఫీసరుగారి పదవీ విరమణ సభలో. మూడోదానికి ముగ్గురు సభ్యుల మదింపు కమిటీ వచ్చి మార్కులు వేసింది. యూనిఫాంకు ముప్పైకి ముప్పై. లయకు ముప్పైకి ఇరవై తొమ్మిది. శ్రుతికి నలభైకి ముప్పై ఎనిమిది.

"రెండు మార్కులు ఎందుకు తగ్గాయి సార్?" అని అడిగాను.

"క్లారినెట్టు అంతగా వినిపించలేదు," అన్నాడు కమిటీ అధ్యక్షుడు.

మీరావలి మామ ఆ రోజు అన్నం తినలేదు. ఆ రెండు మార్కులు న్యాయమేనన్నాడు. అనుపల్లవిలో నిజంగానే కొంచెం తగ్గించాడట.

ఏప్రిల్ మొదటి వారంలో సర్టిఫికెట్టు చేతికొచ్చింది. బంగారు అంచు, గుండ్రటి ముద్ర, అడుగున చక్రధరరావుగారి సంతకం. 'న్యూ ఉదయతార బ్యాండు మేళం, ఉప్పుచెలమ. ఏ గ్రేడు.' దాని కింద చిన్న అక్షరాల్లో 'నిశ్శబ్ద విభాగము' అని, ఆ కింద ఇంకా చిన్న అక్షరాల్లో రెండు వరసలు ఉన్నాయి. ఆ చిన్న అక్షరాలు నేను చూశాను. చూసి, ఏదో ఆఫీసు మాట అనుకున్నాను. కామా కూడా వదలకుండా చదివేవాణ్ణి అక్కడ బోల్తాపడ్డాను.

ఇక బుకింగులు వచ్చాయి చూడండి. కరెంటాఫీసు, రిజిస్ట్రారాఫీసు, చెరువుల శాఖ, కోళ్ల పెంపకం శిక్షణా కేంద్రం. శబ్ద సంస్కారంలో ఎవరు ముందున్నారో నెలనెలా పట్టిక వేస్తారట, మా మేళం పెడితే పది పాయింట్లు. బడుల్లో ప్రార్థన పెదవులతో మాత్రమే పాడిస్తున్నారు. ఒక సభలో ముఖ్య అతిథి ఉపన్యాసం కూడా చప్పుడు లేకుండా ఇచ్చాడు, చేతులు బాగా ఆడించాడు, తాళ్లమిట్ట జనం ఆయన్ని అంత శ్రద్ధగా ఎప్పుడూ విని ఉండరు. మాలకొండయ్య ఫోను చేసి నన్ను 'గారు' అన్నాడు.

"శింగరయ్యగారూ, నిశ్శబ్ద ప్యాకేజీ పెట్టుండాం. షావుకార్లంతా మీ మేళమే కావాలంటున్నారు. మామూలు మేళం పెట్టుకుంటే పల్లెటూరోళ్లం అనుకుంటారంట."

"షావుకార్లకు వినపడాల్సిన పని లేదా?"

"ఫొటోలో శబ్దం పడదు గదండీ."

ఒక పెళ్లిలో పట్టుపంచె కట్టిన ఒకాయన మా మామ భుజం తట్టి, మీ మౌనంలో లోతుంది, మొన్న వేరే ఊళ్లో విన్నాను, ఆ మౌనం పైపైన ఉంది అన్నాడు. చూస్తుండగానే పాత మేళాలవాళ్లు కూడా బూరలకు గుడ్డలు కుక్కుకుని నిశ్శబ్ద విభాగంలో దరఖాస్తులు పెట్టారు. చక్రధరరావుగారు యువకుల్ని కొందరిని చేర్చుకుని, పచ్చ చొక్కాలు తొడిగి, చేతికొక శబ్దమాపకం ఇచ్చి 'శబ్ద మిత్రులు' అని పేరు పెట్టారు. ఇద్దరు మాట్లాడుకుంటే మధ్యలో మాపకం పెట్టి చూసేవాళ్లు.

ఇదంతా బాగానే ఉంది గానీ, ఏప్రిల్ ఆఖర్న ఒక ఉదయం ఏసుపాదం మా చేలోకి వచ్చి నిలబడ్డాడు. మెడలో డ్రమ్ము.

"శింగరన్నా, ఒకటి చూపిస్తా చూడు."

చేలో మేమిద్దరమే. అతను పుల్ల ఎత్తి బలంగా దించాడు. పుల్ల అంగుళం పైన ఆగింది. మళ్లీ ఎత్తాడు. మళ్లీ అక్కడే ఆగింది.

"కొట్టరా."

"కొడతానే ఉండా అన్నా. చెయ్యి పడటంలా."

పిచ్చుకలు కూడా ఎగరలేదు. అతని కళ్లల్లో నీళ్లు తిరిగాయి. పెళ్లికి ఇరవై రోజులుంది.

ఆ వారమే పొగాకు కంపెనీ షెడ్డులో మా ప్రదర్శన పడింది. గ్రేడింగు చేసే ఆడవాళ్లంతా ఆకుల కట్టల మధ్య కూర్చుని చూశారు. సువార్త ముందు వరసలో ఉంది. కాబోయే మొగుడు డ్రమ్ము మీద గాలిని కొడుతుంటే పదిహేను నిమిషాలూ రెప్పవేయకుండా చూసింది. చుట్టూ రుమాళ్లు ఊగాయి. ఆమె రుమాలు తీయలేదు. అయ్యాక తిన్నగా నా దగ్గరికి వచ్చింది.

"ఏందన్నా ఇది?"

"ఏ గ్రేడు అమ్మా."

"నేను రోజుకి బస్తా ఆకు గ్రేడు చేస్తాను. చేత్తో పట్టుకుంటా, వాసన చూస్తా, ఎలుతుర్లో పెట్టి ఈనె చూస్తా. అప్పుడు ఏస్తా గ్రేడు. మీ ఆఫీసరు దేన్ని పట్టుకోని ఏశాడు?"

నేను జరిగిందంతా చెప్పాను. ఆమె నవ్వలేదు.

"అయితే మా అక్కని ఆపినోళ్లు మంచోళ్లే. మలుపు దాటిందాకానే ఆపమన్నారు. మీరు ఊరంతా ఆపి, సొంతంగా ఆపుకోని, దానికి సర్టిఫికెట్టు కూడా తెచ్చుకున్నారు. మీ ఏసుపాదానికి చెప్పు, పద్దెనిమిదో తారీకు నేను చర్చికి రాను."

"ఒక్కసారి ఆఫీసుకు పోయి విభాగం మార్పిస్తాను తల్లీ."

"నేనూ వస్తా పద. మాటల్ని నీకు వదిలిపెట్టి చానా చెడ్డాం."

మరుసటి రోజు ఏసుపాదంతో కలిసి ముగ్గురం మేడెక్కాం. చక్రధరరావుగారి గోడ మీద గ్రాఫు గీత నేలను తాకి, ఇంకో కాయితం అతికించుకుని కిందికి పోతూ ఉంది. నిశ్శబ్ద విభాగం నుంచి శబ్ద విభాగానికి మార్చమని అర్జీ ఇచ్చాను. ఆయన బాధపడ్డారు.

"మీరు ఈ పట్టణానికే తలమానికము. ముప్పై ఒక్క ప్రదర్శనలు. ఒక్క శబ్దము లేదు. రాష్ట్ర పరిశీలక బృందమునకు మీ పేరే మొదట పంపినాను. ఇట్టి సమయమున ఈ పతనమేల?"

"పెళ్లి సార్. డ్రమ్ము మోగాలి."

"శబ్ద విభాగమునకు మూడు శబ్ద ప్రదర్శనల అనుభవము చూపవలెను. మీకు ఒక్కటియు లేదు. రికార్డు ప్రకారము మీ మేళమునకు శబ్దము చేయు సామర్థ్యమే రుజువు కాలేదు."

ఏసుపాదం తలొంచుకున్నాడు. అతని చేయి విషయంలో రికార్డు తప్పు కూడా కాదు. సువార్త మాత్రం బల్లమీదున్న సర్టిఫికెట్టు తీసి, ఆకు చూసినట్టు వెలుతురులో పెట్టి చదవడం మొదలుపెట్టింది.

"సారూ, ఇక్కడ 'ఈ మేళము వాయించుటచే శబ్దము వెలువడదని స్వయముగా పరీక్షించి ధ్రువీకరించడమైనది' అనుండాది. ఈ సంతకం తమరిదేనా?"

"నాదియే."

"తమరి చెవులతో పరీక్షించారు."

"స్వయముగా."

"పెద్దబజారులో వాయించినా రాదా?"

"పట్టణ పరిధిలో ఎచ్చటనైనను రాదు. అది శాశ్వత ధ్రువీకరణ."

"మేళం ఎవురన్నా ఆపొచ్చా?"

"నిశ్శబ్ద మేళమును ఆపు అధికారము ఎవరికిని లేదు. లేని శబ్దమును ఆపుట ఎట్లు?"

సువార్త సర్టిఫికెట్టును మడతపెట్టకుండా జాగ్రత్తగా ఏసుపాదం చేతికిచ్చింది.

"పద్దెనిమిదో తారీకుకి ఈ నిశ్శబ్ద మేళాన్నే రాసుకోండి సారూ. చర్చి కాడ నుంచి కొత్తపేట దాకా, పెద్దబజారు మీదుగా."

ఆయన సంతోషంగా రాసుకున్నారు. ఒక కూలిపేట పెళ్లి స్వచ్ఛందంగా నిశ్శబ్దం కోరిందని పరిశీలక బృందానికి నివేదిక కూడా పంపారు.

మెట్లు దిగేటప్పుడు ఏసుపాదం అన్నాడు, "కాయితం సరే సువార్తా. నా చెయ్యి పడదు గదా?"

"అది ఆ రోజు చూద్దాం," అంది.

మే పద్దెనిమిది. చర్చిలో పెళ్లి అయ్యేటప్పటికి పదిన్నర. సువార్త తెల్లచీరలో, ఏసుపాదం బూడిదరంగు సూటులో బయటికొచ్చారు. వాళ్ల అక్క కరుణమ్మ పక్కన నడుస్తోంది, పెద్దబజారు దగ్గరపడేకొద్దీ చీర కొంగు సర్దుకుంటూ. ముందు మేళం. చర్చి దగ్గర నుంచి నిశ్శబ్దంగానే కదిలింది. పచ్చ చొక్కా వేసుకున్న శబ్ద మిత్రుడొకడు మాపకం పట్టుకుని వెంట నడుస్తున్నాడు. అరుగుల మీద షావుకార్లు మమ్మల్ని చూసి రుమాళ్లు ఊపారు.

పెద్దబజారు మలుపు వచ్చింది. ఏసుపాదం ముందుకు పోయి, తన బావమరిది మెడలో ఉన్న డ్రమ్ము తీసి సూటు మీద తగిలించుకున్నాడు. పుల్ల ఎత్తాడు. దించాడు. అంగుళం పైన ఆగింది.

మళ్లీ ఎత్తాడు. మళ్లీ ఆగింది. అతని ముఖం నుంచి చెమట డ్రమ్ము మీద రాలుతోంది. అరుగుల మీద రుమాళ్లు ఊగుతూనే ఉన్నాయి.

సువార్త కొంగు నడుముకు దోపి, అతని పక్కకు వచ్చి నిలబడింది.

"ఎత్తు."

ఎత్తాడు. అతని మణికట్టు మీద తన చెయ్యి వేసి, ఆకు కట్టను తొక్కిపట్టే బలంతో కిందికి నొక్కింది.

ధన్‌మని మోగింది.

పెద్దబజారు గోడల మధ్య ఆ మోత దూరం పోయి తిరిగొచ్చింది. ఏసుపాదం తన చేతివంక చూసుకున్నాడు. రెండో దెబ్బకు ఆమె చెయ్యి అవసరం లేకపోయింది. మూడోదానికి మీరావలి మామ మూడు నెలల గాలి ఒక్కసారి వదిలాడు. ఆశీర్వాదం పుట్టినప్పటి నుంచి దాచుకున్నదంతా ట్రంపెట్టులోకి తోశాడు. రుమాళ్లు గాల్లోనే ఆగిపోయాయి.

శబ్ద మిత్రుడు మాపకం చూసి కేకేశాడు. తొంభై ఎనిమిది. సెల్ఫోనులో ఎక్కించబోయాడు. మేళం పేరు కొట్టగానే శబ్దం గడిలో దానంతటదే సున్నా పడింది. మార్చబోతే, 'ధ్రువీకరించబడిన నిశ్శబ్ద మేళము, మార్పు చేయరాదు' అని వచ్చింది. అతను చక్రధరరావుగారికి ఫోను చేశాడు. ఏం చెప్పాడో గానీ పది నిమిషాల్లో జీపు వచ్చింది.

చక్రధరరావుగారు దిగారు. మేళం ముందు నిలబడ్డారు. డ్రమ్ము దెబ్బ దెబ్బకూ ఆయన కళ్లజోడు ముక్కు మీద ఎగురుతోంది.

"శబ్దం వస్తోంది సార్!" అని అరిచాడు శబ్ద మిత్రుడు ఆయన చెవిలో.

"రావడానికి వీల్లేదు!" అని అరిచారాయన.

నేను సర్టిఫికెట్టు ఆయన ముందు పట్టుకున్నాను. సంతకం చూసుకున్నారు. ముప్పై ఒక్క ప్రదర్శనల నివేదిక, పరిశీలక బృందం, గోడ మీద గ్రాఫు, అన్నీ ఆయన ముఖం మీద ఒకదాని తర్వాత ఒకటి నడిచిపోవడం నేను చూశాను. జేబులోంచి పెన్ను తీసి, 'తనిఖీ చేయడమైనది, శబ్దము సున్నా' అని రాసి, కింద సంతకం పెట్టారు. సంతకం కొంచెం వంకరపోయింది గానీ అది డ్రమ్ము వల్ల.

ఈలోగా సువార్త చెయ్యెత్తి ఊరేగింపును ఆపింది. నడకను ఆపింది, మేళాన్ని కాదు. సరిగ్గా వాళ్ల అక్కను ఆపిన చోట. కరుణమ్మను చెయ్యిపట్టి లాగి మేళం ముందు నిలబెట్టింది. కరుణమ్మ కాసేపు నేలనే చూసింది. తర్వాత తలెత్తి, చుట్టూ ఉన్న మేడలను ఒక్కొక్కదాన్నీ తీరిగ్గా చూడటం మొదలుపెట్టింది.

ఎదురుగా మేడమీద కిటికీ తెరుచుకుంది. ఇత్తడి సామాన్ల షావుకారు బనీనుతో బయటికి వంగి, చక్రధరరావుగారిని చూసి చేతులూపుతూ ఏదో అరిచాడు. పెదవులు కదిలాయి. ఆ నిశ్శబ్ద మేళం మోతలో మాట ఒక్కటీ కిందికి రాలేదు.

"ఏమిటీ?" అన్నారు చక్రధరరావుగారు చెవికి చెయ్యి అడ్డంపెట్టి. "ఏమంటున్నారు? వినపడటం లేదు!"

షావుకారు మళ్లీ అరిచాడు. ఆయన మళ్లీ చెవి ఒగ్గారు. చివరకు ఫిర్యాదు పుస్తకం తెరిచి, షావుకారు పేరు, మేడ నంబరు రాసుకుని, 'ఫిర్యాదు సారాంశము' అన్న గడి దగ్గర ఆగారు. కాసేపు ఆలోచించి, 'ఏమియు వినబడలేదు' అని రాయడం మొదలుపెట్టారు.

మీరావలి మామ క్లారినెట్టు పెదవుల నుంచి తీయకుండానే, కదులుదామా అన్నట్టు కనుబొమలెగరేశాడు.

"సారుని రాసుకోనియ్యి మామా, తొందరేముంది," అంది సువార్త. "అందాకా వాయిస్తా ఉండండి."

చక్రధరరావుగారు నెమ్మదిగా, గుండ్రటి అక్షరాలతో రాసే మనిషి.